ఆర్ఎక్స్-8కు గ్యాలన్‌కు 13 మైళ్ళే వస్తున్నాయి: ఎక్కడి నుంచి వెతకాలి?

లోన్‌స్టార్_రోటర్ (డల్లాస్, టెక్సస్):

అందరికీ నమస్కారం. నా దగ్గర 2005 మోడల్ మాజ్దా ఆర్ఎక్స్-8, ఆరు గేర్ల మాన్యువల్ బండి ఉంది. ఓడోమీటరు మీద 78,000 మైళ్ళు. కొన్న కొత్తలో గ్యాలన్‌కు 17 మైళ్ళ వరకు ఇచ్చేది. చలికాలం మొదలైనప్పటి నుంచి తగ్గుతూ వచ్చి ఇప్పుడు 13 దగ్గర నిలిచింది. ఇది ఇంధనం ముల్లును చూసి వేసిన అంచనా కాదు. ప్రతిసారీ ఒకే గ్యాస్ స్టేషన్‌లో పంపు తనంతట తాను ఆగేదాకా నింపించి, తిరిగిన మైళ్ళను పట్టిన గ్యాలన్లతో భాగించి రాసుకున్న లెక్క.

చెక్ ఇంజన్ దీపం వెలగడం లేదు. 6,000 ఆర్‌పీఎం వరకు బండి బాగానే లాగుతుంది గానీ, ఆ పైన మునుపటి చురుకు లేదు. వేడి మీద ఆపి మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఒక క్షణం ఎక్కువ తిరిగి అందుకుంటోంది. ప్లగ్గులు పాత యజమాని మార్చినట్టు రసీదు ఉంది, ప్లగ్గులకు నిప్పు అందించే ఇగ్నిషన్ కాయిళ్ళ సంగతి మాత్రం ఎక్కడా రాసి లేదు. ఇర్వింగ్ నుంచి ప్లేనోకు వెళ్ళి వస్తాను. దారి పొడవునా ఆగుతూ సాగే ట్రాఫిక్కే.

ఇక్కడి ఒక షాపులో చూపిస్తే, ఇంధనం సర్దుబాటు అంకె (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచిందో, తగ్గించిందో చూపేది) ఎక్కువగా ఉంది కాబట్టి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఓ2 సెన్సర్లు అన్నీ మార్చాలని చెప్పి పెద్ద అంచనా చేతిలో పెట్టారు. అంత డబ్బు పోసే ముందు ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో తెలిసినవారు చెప్పగలరా? ఈ బండిలోని రోటరీ ఇంజన్ (పిస్టన్లకు బదులు తిరిగే మూడు ముఖాల రోటర్లు ఉన్నది) తీరే ఇంతని సరిపెట్టుకోవాలా?


పాత_మెకానిక్ (ఎడిసన్, న్యూజెర్సీ):

సరిపెట్టుకోవలసిన అంకె కాదండీ. అమెరికా పర్యావరణ సంస్థ సవరించిన లెక్కల ప్రకారం మీ బండికి ఊళ్ళో 16, హైవే మీద 22, రెండూ కలిపి 18 మైళ్ళు రావాలి. ట్రాఫిక్‌లో నలిగే బండికి 15, 16 వస్తే నేను మారు మాట్లాడను. అదే దారిలో, అదే చేతిలో 17 ఇచ్చిన బండి 13కు దిగితే మాత్రం ఏదో ఒక భాగం తన పని మానేసిందనే అర్థం.

ఈ బండిలో నేను ముందుగా అనుమానించేది ఎప్పుడూ ఇగ్నిషన్ కాయిళ్ళనే. నాలుగు ఉంటాయి. ఒక్కొక్క రోటర్‌కు రెండేసి ప్లగ్గులు: కింద ఉండేది లీడింగ్, పైన ఉండేది ట్రైలింగ్. మండించే పనిలో సింహభాగం లీడింగ్ ప్లగ్గుది. ట్రైలింగ్ ప్లగ్గు కొంచెం ఆలస్యంగా వెలిగి, మంట చేరని మూలలో మిగిలిపోయిన గాలి-పెట్రోలు మిశ్రమాన్ని కాలుస్తుంది. అందువల్ల లీడింగ్ కాయిల్ బలహీనపడితే బండి కుదుపుతో మీకే తెలిసిపోతుంది గానీ, ట్రైలింగ్ కాయిల్ బలహీనపడితే నడిపేవారికి పెద్దగా తేడా తెలియదు, మైలేజీ మాత్రం జారిపోతుంది. ఈ కాయిళ్ళు 30,000 మైళ్ళకే మెత్తబడడం ఆర్ఎక్స్-8 యజమానులందరికీ అనుభవమే. మీ బండిలో ఉన్నవి ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే అయితే వాటి ఆయుష్షు ఎప్పుడో తీరింది. మాజ్దా వీటిని ఒకటికి రెండుసార్లు సవరించింది కనుక, కాయిల్ మీద ముద్రించిన భాగం సంఖ్య చివర ఏ అక్షరం ఉందో చూడండి. 'సీ' అని ఉంటే కొత్త రకం.

దీన్ని మైలేజీ గొడవగా మాత్రమే చూడకండి. కాలకుండా బయటికి పోయిన పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి తేనెపట్టు లాంటి దిమ్మ కరిగి దారి మూసుకుపోతుంది. దారి మూసుకుపోతే పొగ వెనక్కి తన్ని ఇంజన్ వేడెక్కుతుంది, రోటర్ల చుట్టూ ఒత్తిడి కారిపోకుండా ఆపే సీళ్ళు దెబ్బతింటాయి. 6,000 పైన చురుకు లేదన్నారు కనుక కన్వర్టర్‌ను కూడా అనుమానించాలి. ముందున్న ఓ2 సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి వెనుక ఒత్తిడి కొలవమని అడగండి.

షాపువారి మాట గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. నిప్పు పడని మిశ్రమంలోని ఆక్సిజన్ కూడా కాలకుండానే పొగగొట్టంలోకి వస్తుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు తక్కువైందని కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. అంటే సర్దుబాటు అంకె పెరిగినంత మాత్రాన ఇంజెక్టర్ చెడినట్టు కాదు, సెన్సర్ అబద్ధం చెప్పినట్టూ కాదు. అంచనా రాసిన పెద్దమనిషి కాయిళ్ళను పరీక్షించాడో లేదో ముందు అడగండి.

రెండోది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని కవాటం. చలికాలం నుంచి మొదలైందని మీరే రాశారు. ఆర్ఎక్స్-8 డాష్‌బోర్డులోని వేడి ముల్లు ఒకసారి మధ్యకు చేరిందంటే, నీరు కొంత చల్లబడినా, కొంత వేడెక్కినా అక్కడే కూర్చుంటుంది, దాన్ని నమ్మవద్దు. బండి కంప్యూటర్‌లోని అంకెలను చదివే చౌక ఓబీడీ రీడర్ ఒకటి కొని, హైవే మీద స్థిరంగా నడుపుతున్నప్పుడు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత ఎంతుందో పక్క సీటులో ఉన్నవారిని చదవమనండి. సుమారు 82 డిగ్రీల సెల్సియస్‌కు పైన నిలకడగా ఉండాలి. అంతకంటే బాగా తక్కువగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టే. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

మూడోది, వేడి మీద స్టార్టింగ్ ఆలస్యం కావడం. అది కంప్రెషన్ (గదిలో మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) పడిపోతోందనడానికి మొదటి సూచన కావచ్చు. సాధారణ ఇంజన్లకు వాడే గేజ్‌తో కొలిపించకండి. రోటర్‌కు మూడు ముఖాలు ఉంటాయి, మూడూ ఒకే ప్లగ్గు రంధ్రం ముందు నుంచి పోతాయి, ఆ గేజ్ వాటిలో ఎక్కువ ఉన్నదాన్ని మాత్రమే చూపి మిగతా రెండింటినీ దాచేస్తుంది. మూడింటినీ విడివిడిగా చూపే రోటరీ టెస్టర్ ఉన్న చోటికే వెళ్ళండి. 250 ఆర్‌పీఎం దగ్గర లెక్కకట్టిన అంకెల్లో కొత్త ఇంజన్‌కు చదరపు సెంటీమీటరుకు 8.5 కిలోలు, కనీసం 6.9 ఉండాలని మాజ్దా నిర్దేశించింది. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5కు, రెండు రోటర్ల మధ్య తేడా 1.0కు మించకూడదు.


ఓరుగల్లు_మెకానికల్ (హనుమకొండ):

రోటరీ తీరే ఇంతా అన్న ప్రశ్నకు సగం అవుననే చెప్పాలి. నేను ఈ బండిని నడపలేదు, మన దేశంలో మాజ్దా దీన్ని అమ్మనూ లేదు. ఇంజన్ల పాఠం చెప్పేవాడిగా రాస్తున్నాను.

ఈ ఇంజన్‌ను 1.3 లీటర్లని పిలవడంతోనే లెక్క తప్పుతుంది. ఒక్కొక్క రోటర్ గది 654 సీసీ, రెండు రోటర్లు కలిపి 1,308. అయితే రోటర్లు తిప్పే షాఫ్ట్ (ఇరుసు) మూడు చుట్లు తిరిగేసరికి రోటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది, దాని మూడు ముఖాలూ ఆ చుట్టులో ఒక్కొక్కసారి మండుతాయి. అంటే షాఫ్ట్ ప్రతి చుట్టుకూ ప్రతి రోటర్ ఒకసారి మండుతుంది. నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజన్‌లో ఒక సిలిండర్ రెండు చుట్లకు ఒకసారే మండుతుంది. కనుక షాఫ్ట్ ఒక చుట్టులో మింగే గాలిని బట్టి దీన్ని 2.6 లీటర్ల ఇంజన్‌తో పోల్చడమే న్యాయం. అలా చూస్తే 18 మైళ్ళు అంత దారుణంగా కనిపించవు.

అసలు బలహీనత గది ఆకారంలో ఉంది. పిస్టన్ ఇంజన్‌లో మంట పుట్టే చోటు గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది. ఇక్కడ పొడవుగా, పలచగా, రోటర్‌తో పాటు కదులుతూ ఉంటుంది. గిన్నెలో కాఫీ కంటే సాసర్‌లో పోసిన కాఫీ త్వరగా చల్లారినట్టు, ఈ పలచని గదిలో పుట్టిన వేడి షాఫ్ట్‌ను తిప్పే పనికి రాకముందే గోడలకు, అక్కడి నుంచి నీటికి పోతుంది. మంట పొడవాటి చివరను చేరేలోపు గది కదిలిపోతుంది గనుక కొంత మిశ్రమం మండకుండానే మిగులుతుంది. రెండు ప్లగ్గులు పెట్టవలసి రావడానికి కారణం అదే. పాత_మెకానిక్ గారు ట్రైలింగ్ కాయిల్ గురించి రాసినదానికి సిద్ధాంతపరమైన ఆధారమూ అదే.

ఈ దాహం మాజ్దాకు కొత్తది కాదు. 1967లో కాస్మో స్పోర్ట్‌తో మొదలైన ఈ దారి, 1973 చమురు సంక్షోభం వచ్చేసరికి కంపెనీ మెడకు చుట్టుకుంది. ఆర్ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజన్‌లో పొగ రంధ్రాలను చుట్టుగోడ మీద నుంచి పక్క పలకల మీదికి మార్చారు. దానితో గాలి లోపలికి వచ్చే వేళ, పొగ బయటికి పోయే వేళ ఒకదాని మీద ఒకటి పడడం తప్పింది, పచ్చి పెట్రోలు వృథాగా పోవడం తగ్గింది. ఆర్ఎక్స్-8 తయారీ 2012లో ఆగింది. 2023లో మాజ్దా రోటరీని ఎమ్ఎక్స్-30లో మళ్ళీ తెచ్చింది గానీ, చక్రాలు తిప్పడానికి కాదు, బ్యాటరీకి కరెంటు పుట్టించడానికి. ఒకే వేగం దగ్గర నిలకడగా తిప్పితే ఈ ఇంజన్ లోపాలు కొంత కప్పబడతాయి కనుక, అది తెలివైన నిర్ణయమని నా అభిప్రాయం.


ఆక్లండ్_ఆర్8 (న్యూజిలాండ్):

పెద్దలు ఇంజన్ సంగతి చెప్పారు కాబట్టి నేను బండి కింది భాగం సంగతి చెబుతాను. నాలుగు టైర్లలోనూ 32 పీఎస్ఐ గాలి ఉందో లేదో చూడండి, చలికి గాలి ఒత్తిడి తగ్గుతుంది. హైవే మీద కొంత దూరం వెళ్ళాక బ్రేకు ఎక్కువ వాడకుండా ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మాత్రమే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు క్యాలిపర్ పట్టేసింది.

ఈ బండి గేర్లు పొట్టివి. ఆరో గేరులో గంటకు 70 మైళ్ళ దగ్గర ఇంజన్ సుమారు 3,500 ఆర్‌పీఎం తిరుగుతూ ఉంటుంది, 80కి వెళితే 4,000. గంటకు పది మైళ్ళు తగ్గిస్తే ట్యాంకు లెక్కలో తేడా కనిపిస్తుంది. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి కాఫీ తాగి వచ్చేదాకా వదిలేసే అలవాటు ఉంటే అదీ మానండి. చల్లని ఇంజన్‌ను వెంటనే ఆపవద్దు, ప్లగ్గులు తడిసి మొండికేస్తుంది.


లోన్‌స్టార్_రోటర్:

మీ అందరికీ కృతజ్ఞతలు. చెప్పినవన్నీ చూపించి వచ్చాను. టైర్లలో 27 మాత్రమే ఉంది, నింపించాను. బ్రేకులు బాగున్నాయి.

నాలుగు కాయిళ్ళ మీదా భాగం సంఖ్య చివర 'ఏ' అని ఉంది. ప్లగ్గులు విప్పితే లీడింగ్ రెండూ లేత గోధుమరంగులో ఉన్నాయి; ట్రైలింగ్ ప్లగ్గుల్లో వెనుక రోటర్‌ది పొడి మసితో నల్లగా ఉంది, ముట్టుకుంటే వేలికి అంటింది. హైవే మీద కూలెంట్ 67 నుంచి 70 డిగ్రీల మధ్యే తిరిగింది, సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం 84 దాకా ఎక్కింది. డాష్‌బోర్డు ముల్లు అంతసేపూ కదలలేదు. దీర్ఘకాలిక సర్దుబాటు అంకె ప్లస్ 9 శాతం. వెనుక ఒత్తిడి మామూలుగానే ఉందని, కన్వర్టర్ ఇంకా తెరిచే ఉందని కొలిచినవారు చెప్పారు.

రోటరీ టెస్టర్‌తో కంప్రెషన్: ముందు రోటర్ 7.4, 7.2, 7.3, వెనుక రోటర్ 7.1, 7.0, 7.1. 250 ఆర్‌పీఎంకు సవరించిన అంకెలే.


పాత_మెకానిక్:

మీ ఇంజన్ నడివయసులో ఉంది. వెనుక రోటర్ 6.9 గీతకు దగ్గరగానే ఉన్నా, మూడు ముఖాలూ సమానంగా ఉన్నాయి కాబట్టి ఏ సీలూ విరగలేదు. వేడి మీద ఆలస్యంగా అందుకోవడానికి ఈ అంకెలే కారణం. 17 నుంచి 13కు పడిపోవడానికి కావు. దానికి కారణాలు మీ చేతిలోనే ఉన్నాయి. ఆగితే వేడెక్కి, పరుగెత్తితే చల్లబడే ఇంజన్‌కు థర్మోస్టాట్ మూసుకోవడం లేదు. నల్లబడిన ఆ ట్రైలింగ్ ప్లగ్గుకు సరైన నిప్పు అందడం లేదు.

థర్మోస్టాట్, నాలుగు కాయిళ్ళు, ప్లగ్గు వైర్లు, నాలుగు ప్లగ్గులు ఒకేసారి మార్చండి. మసిపట్టినది ఒక్కటే కదా అని ఒక్క కాయిల్ మార్చవద్దు, మిగతా మూడూ అదే వయసువి. లీడింగ్, ట్రైలింగ్ ప్లగ్గులు ఒకటి కావు: ఎన్జీకే కంపెనీవాటిలో మొదటిది ఆర్ఈ7సీ-ఎల్, రెండోది ఆర్ఈ9బీ-టీ. వైర్లు ఒక్కొక్కటిగా తీసి పెట్టండి, తారుమారైతే ఇంజన్ సరిగా నడవదు. ఇంజెక్టర్ల జోలికి, ఓ2 సెన్సర్ల జోలికి ఇప్పుడు వెళ్ళకండి.

మార్చాక రెండు మూడు ట్యాంకులు తిరిగి సర్దుబాటు అంకెను మళ్ళీ చదవండి. సున్నాకు అటూ ఇటూ వస్తే కాయిళ్ళదే తప్పు, పని అయిపోయినట్టే. ప్లస్ 9 దగ్గరే ఉంటే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగను దానికోసమే అమ్మే స్ప్రేతో కడగండి, ఫిల్టర్ తర్వాత గొట్టంలో ఎక్కడైనా గాలి కారుతోందేమో చూడండి. ఆ రెండూ అయ్యాక కూడా దిగకపోతే అప్పుడు ముందున్న ఓ2 సెన్సర్ గురించి రాయండి.


లోన్‌స్టార్_రోటర్:

భాగాలు ఆర్డర్ చేశాను. షాపువారి అంచనాలో మూడో వంతు కూడా కాలేదు. థర్మోస్టాట్ మార్చేటప్పుడు కూలెంట్ మొత్తం దింపాలా, పై భాగం దింపితే చాలా?


పాత_మెకానిక్:

కూలెంట్ ఎప్పుడు మార్చారో తెలియని బండికి మొత్తం దింపి కొత్తది పోయడమే మంచిది. నింపాక హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్‌ను నడిపి, చల్లారిన తర్వాత మట్టం మళ్ళీ చూడండి. రోటరీకి లోపల గాలి చిక్కుకోవడం ప్రమాదం, ఆ పనిలో తొందర పడవద్దు.