బుర్గ్, ష్లోస్: రెండూ ‘కోట’లేనా?

ప్రశ్న: జర్మనీలో చదువుకునే మన పిల్లలు సెలవుల్లో చూసొచ్చే ప్రతి ‘క్యాజిల్’నీ తెలుగులో కోట అనే రాస్తున్నాం. వాళ్ళకేమో బుర్గ్, ష్లోస్, ఫెస్టుంగ్ అని మూడు మాటలున్నాయి. వీటిని విడదీసి చెప్పేందుకు మనకు మాటలు లేవా?

జవాబు: ఉన్నాయండీ. మధ్యయుగంలో ఒక ప్రభువు రక్షణ కోసం కట్టుకున్న నివాసం బుర్గ్. దానికి ‘దుర్గం’ చక్కగా సరిపోతుంది, చేరడానికి కష్టమైన చోటన్న అర్థం ఆ మాటలోనే ఉంది కాబట్టి. వాళ్ళ రకాలూ మన పాత రకాలతో కలుస్తాయి. కొండ మీది హ్యోయెన్‌బుర్గ్ మన గిరిదుర్గం, చుట్టూ నీళ్ళున్న వాసర్‌బుర్గ్ మన జలదుర్గం. ఫిరంగులు వచ్చాక సైన్యం కోసం మందపాటి గోడలతో బలపరిచింది ఫెస్టుంగ్. డ్రెస్డెన్ దగ్గరి క్యోనిగ్‌ష్టైన్ అలాంటిది. ముట్టడి వేళ నీళ్ళకు ఇబ్బంది రాకుండా అక్కడ 152.5 మీటర్ల లోతు బావి తవ్వారు. ఆ పేరుకు అర్థం ‘రాజు రాయి’. మన రాచకొండ పక్కన పెట్టి చూడండి.

చిక్కంతా ష్లోస్‌తోనే. అది రాజులు, ప్రభువులు హాయిగా, దర్జాగా ఉండడానికి కట్టుకున్న ఇల్లు. రాజప్రాసాదం అంటే పుస్తకాల మాట, ప్యాలెస్ అంటే అందరికీ తెలుస్తుంది. చిన్న ప్రభువుల ష్లోస్‌కి తెలంగాణలో ‘గడి’, కోస్తా జమీందారీల్లో ‘దివాణం’ దగ్గరగా వస్తాయి. నా ఓటు గడికే. ఎత్తయిన ప్రహరీ, లోపల దొర కుటుంబం, ఊరి మీద అధికారం, మూడూ ఆ ఒక్క మాటలో వినిపిస్తాయి.

సందేహం: నోయ్‌ష్వాన్‌ష్టైన్ చూడ్డానికి అచ్చం దుర్గమే కదండీ. దాన్ని ష్లోస్ అంటారేం?

జవాబు: అది మొదలైంది 1869లో. ఎత్తయిన గోడలు ఫిరంగులకు ఆగవని తేలి అప్పటికి కొన్ని వందల ఏళ్ళు. బవేరియా రాజు రెండో లూడ్విగ్ మధ్యయుగపు రూపు మీద మోజుతో కట్టించుకున్నాడు. ఇటుక గోడలకు సున్నపురాయి తొడిగారు. లోపల వేడిగాలితో గదులు వెచ్చబెట్టే ఏర్పాటు, కుళాయి నీళ్ళు, ఫ్లష్ మరుగుదొడ్లు ఉన్నాయి. 1886లో రాజు పోయేనాటికి పని సగంలో ఉంది, రెండో అంతస్తు ఈనాటికీ మొండిగానే ఉంది. కాబట్టి ‘కోట’ అని రాస్తే చదివేవాళ్ళు లేని యుద్ధాలు ఊహించుకుంటారు.

వెళ్ళే విద్యార్థులకు ఒక మాట. టికెట్ మీద ‘ఐన్‌లాస్’ పక్కనున్న అంకె లోపలికి పంపే సమయం, ‘ఫ్యూరుంగ్’ అంటే గైడుతో తిప్పి చూపడం. నోయ్‌ష్వాన్‌ష్టైన్‌లో గైడు లేకుండా లోపలికి పంపరు. చూపేది అరగంటే, ఫొటోలు తీయనివ్వరు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ఐన్‌లాస్ సమయానికి కింద టికెట్ల దగ్గర ఉంటే చాలనుకుంటారు. అక్కడినుంచి పైకి నడక 30-40 నిమిషాలు. ఆ సమయం దాటితే టికెట్ పోయినట్టే. మ్యూనిక్ నుంచి దానికి దగ్గరి ఊరు ఫ్యుస్సెన్‌కు ప్రాంతీయ రైలు సుమారు రెండు గంటలు, దానికి డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా స్థానిక, ప్రాంతీయ రవాణాకు పనికొచ్చే నెలవారీ పాస్) చెల్లుతుంది. ఆపైన బస్సు. ‘ఎర్‌మేసిక్ట్’ అని ఉంటే రాయితీ ధర, విద్యార్థి కార్డు వెంట ఉండాలి. ‘రూఎటాక్’ అంటే ఆ వారం మూసే రోజు, చాలాచోట్ల సోమవారం.

చేర్పు: భాగాల పేర్లు కూడా చూద్దాం. అగడ్త, కోటకొమ్మలు, ప్రాకారం, పెద్ద తలుపులో మనిషి వంగి దూరే దిడ్డి, ఇవన్నీ అక్కడి దుర్గాలకు అలాగే వాడొచ్చు. బెర్క్‌ఫ్రీట్ అనే నడిమి గోపురానికి మాత్రం ఆలోచించాలి. అందులో కాపురం ఉండరు. తలుపు నేలకు చాలా ఎత్తులో ఉంటుంది, నిచ్చెన లాగేసుకుంటే శత్రువు ఎక్కలేడు. కోటగోడలో కలిసిపోయిన బురుజు కన్నా, తెలంగాణ పల్లెల్లో విడిగా నిలబడే ఊరి బురుజు దానికి దగ్గర. ‘పాలాస్’ అనే పేరు చూసి ప్యాలెస్ అనుకోకండి, అది బుర్గ్‌లో ప్రభువు కొలువుండే పెద్ద భవనం మాత్రమే. ‘త్స్వింగర్’ రెండు ప్రాకారాల నడిమి ఇరుకు జాగా. డ్రెస్డెన్‌లో ఆ పేరుతో ఉన్నది మాత్రం 18వ శతాబ్దపు విలాస భవనాల సముదాయం, ఇప్పుడు మ్యూజియం. పాత నగర రక్షణ గోడలో బయటి భాగం మాత్రం అక్కడ ఇంకా నిలిచి ఉంది.

సందేహం: బురుజు, బుర్గ్ ఒకే మాటా?

జవాబు: అలా తేల్చేయడం తొందరపాటు. మన బురుజు అరబ్బీ ‘బుర్జ్’ నుంచి వచ్చింది. దాని మూలాన్ని సాధారణంగా గ్రీకు ‘పిర్గోస్’ దాకా తీసుకెళతారు. బుర్గ్‌ని జర్మానిక్ మాటగానే చూస్తారు, కొండకు వాళ్ళనే ‘బెర్గ్’తో దానికి చుట్టరికం చెబుతారు. ఆ పై మెట్టులో రెండూ కలుస్తాయా అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు.

ష్లోస్ కథ అంతకన్నా బాగుంటుంది. మూయడం అనే క్రియ నుంచి పుట్టిన మాట, జర్మన్‌లో తాళానికీ అదే పేరు. చెక్ భాషలో ‘జామెక్’ కూడా ఇటు ప్యాలెస్, అటు తాళం. పోలిష్‌లో దాదాపు అదే మాట కోటకీ, తాళానికీ, చొక్కా జిప్పుకీ కూడా. క్రాకోవ్‌లో దుకాణం మీద ‘జామెక్’ అని చూసి రాజుగారి ఇంటికి దారి అడగకండి, లోపల తాళాలు అమ్ముతుండవచ్చు.