పాత పత్రికల స్కాన్లు: హార్డ్ డిస్కులా, టేపా?

ప్రశ్న (అమలాపురం నుంచి)

మా ఊరి గ్రంథాలయంలోని పాత పత్రికలను, చుట్టుపక్కల ఇళ్ళలో దొరికిన తాటాకు ప్రతులను ఆరేళ్ళుగా స్కాన్ చేస్తున్నాము. ఇప్పటికి 22 టెరాబైట్లు పోగయ్యాయి. అంతా బయటి హార్డ్ డిస్కుల మీదే, రెండేసి కాపీలుగా, ఒకే బీరువాలో ఉంది. 2022 జూలై వరదల్లో మా వీధి దాకా నీళ్ళు రాకపోయినా, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని విని ఆ డిస్కులన్నీ రాత్రికి రాత్రి మేడ మీదికి చేరవేసినప్పటి నుంచి నాకు ఈ ఏర్పాటు మీద గురి కుదరడం లేదు. మొన్న ఒక డిస్కు తగిలిస్తే టక్‌టక్‌మని కొట్టుకుందే తప్ప తెరుచుకోలేదు. పెద్ద సంస్థలు ఇప్పటికీ టేపే వాడతాయని విన్నాను. ఇంట్లో ఆడియో క్యాసెట్లకు తెల్లగా బూజు పట్టడం చూసినవాణ్ణి కనుక అడుగుతున్నాను: మన తేమలో టేపు నిలుస్తుందా?

జవాబు (కాకినాడ నుంచి)

నిలుస్తుందండీ, గది సరిగా ఉంటే. ఎల్‌టీఓ (కంప్యూటర్ డేటా దాచే టేపుల్లో ఒక రకం) కాట్రిడ్జ్‌లను ఏళ్ళ తరబడి దాచడానికి 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలంటారు. 30 ఏళ్ళ ఆయుష్షు చెప్పేది ఆ లెక్కనే. ఇప్పటి టేపుల్లో వాడే బేరియం ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థం స్వతహాగా ఆక్సైడే కాబట్టి దానికి తుప్పు భయం లేదు, కాని బూజుకూ దుమ్ముకూ మినహాయింపు లేదు. గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులు, లోపల చిన్న తేమ మీటరు పెట్టండి. గింజల రంగు మారగానే సంచులు మార్చండి.

టేపు అసలు బలం వేరే ఉంది. డ్రైవ్‌లోంచి (టేపును రాసే, చదివే యంత్రంలోంచి) తీసి అలమరలో పెట్టిన కాట్రిడ్జ్‌కు కరెంటూ లేదు, నెట్‌వర్కూ లేదు, కనుక ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాన్ని ముట్టుకోలేదు. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఉత్తరాలు వేర్వేరు డేటా సెంటర్లలోని కాపీలతో సహా పోయినప్పుడు గూగుల్ వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే.

నేను భయపడేది టేపు గురించి కాదు, డ్రైవ్ గురించి. నేను పనిచేసిన ఒక చోట ఎల్‌టీఓ-3 (అంటే మూడో తరం) కాట్రిడ్జ్‌లు నిక్షేపంగా ఉన్నాయి, చదవవలసిన డ్రైవ్ మాత్రం చెడిపోయింది. వాటిని చదవగలిగే ఎల్‌టీఓ-5 డ్రైవ్ కోసం నాలుగు నెలలు తిరిగాము. ఇప్పుడు వెసులుబాటు ఇంకా తగ్గింది: ఎల్‌టీఓ-9 డ్రైవ్ తన తరాన్నీ ఎల్‌టీఓ-8నూ తప్ప మరి దేన్నీ చదవదు. అందుచేత రెండు తరాలకోసారి కొత్త టేపుల మీదికి ఎక్కించుకునే ఖర్చును ఈ రోజే లెక్కలో వేసుకోవాలి.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

పై మాటలన్నీ నిజమే, కాని డ్రైవ్ ధర లక్షల్లో ఉంటుంది. 22 టెరాబైట్లకు 12 టెరాబైట్ల ఎల్‌టీఓ-8 కాట్రిడ్జ్‌లు రెండు చాలు. ఆ రెంటి కోసం డ్రైవ్ కొనడం నా దృష్టిలో దండగ. టేప్ డ్రైవ్ ఉన్న వారెవరినైనా అడిగి రెండు జతలు రాయించుకోండి. ఎల్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో రాయమని మరీ మరీ చెప్పండి, అప్పుడు రేపు ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడినా ఫైళ్ళు మామూలు ఫోల్డర్లలాగే తెరుచుకుంటాయి. డిస్కుల్లో ఒక కాపీని రోజువారీ వాడకానికి ఉంచుకోండి. ఒక జత టేపులు మాత్రం కోనసీమ దాటించాలి. 1996 నవంబరు తుపాను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

మా చెల్లెలు హైదరాబాదులో ఉంటుంది, ఒక జత అక్కడికి పంపగలను. రాయించాక సరిగా రాశారో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు (కాకినాడ నుంచి)

రాయించే ముందే ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారితే తానూ మారే గుర్తింపు సంఖ్య) తీసి, ఆ జాబితాను టేపు మీదా కాగితం మీదా ఉంచండి. రాయడం పూర్తయిన రోజునే, వీలైతే మరో డ్రైవ్‌లో పెట్టి, అన్నీ వెనక్కి చదివించి జాబితాతో సరిచూడండి. ఆ పని అయ్యేదాకా బీరువాలోని ఒక్క డిస్కును కూడా చెరపకండి.