మొగుడు గేటు కాడ గొడవ చేస్తే పెళ్లాం పని ఎందుకు పోవాల?

కుట్టుమిషన్_అక్క:
రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో ఆరేండ్లుగా చేస్తాండా. మా లైన్లో జేబులు కుట్టే అమ్మిని పోయిన వారం మాన్పించినారు. నెలలో నాలుగు నాగాలు పెట్టిందంట. ఆ నాలుగు దినాలూ మొగుడు కొట్టిన దెబ్బలకు ఆమె కుడిచెయ్యి వాచిపోయి ఉన్నింది. బొటనేలు మడవకుండా జేబు మూల తిప్పేది యట్ల? మాన్పించే ముందురోజు ఆ మొగుడు తాగొచ్చి గేటు కాడ అరిచినాడు, అదీ కారణమే. ఇది న్యాయమా?

14_మిషన్లు:
నాది చిన్న యూనిట్ అమ్మా. ఇట్లాంటి ఇండ్ల నుంచి వచ్చేవాళ్లు నాలుగుతో ఆపరు, ఏడెనిమిది నాగాలు పెడతారు. జేబుల మిషన్ నిలబడితే వెనక లైనంతా నిలబడుతుంది. మాల్ లేటయితే కూలి కట్ చేసేది నాకే. గేటు కాడ గొడవలయితే మిగతా ఆడోళ్లను ఇంట్లోవాళ్లు పంపరు. వాళ్ల సంసారం చక్కబెట్టేది నా పనా?

పెన్న_ఒడ్డు:
నాలుగా, ఎనిమిదా? హాజరు పుస్తకం చూసి మాట్లాడండి.

కుట్టుమిషన్_అక్క:
నాలుగే. నేను లెక్కపెట్టినా. అయినా పీసు రేటులో నాగా రోజుకు మీరు పైసా ఇచ్చేది లేదు కదన్నా. మళ్లా నాగా అని తీసేసేదేంది?

14_మిషన్లు:
జీతం మిగిలితే మాల్ పోతుందా? ఎనిమిదని నేనన్నది మా యూనిట్ సంగతి.

కోర్టు_కాగితాలు:
2005 గృహహింస చట్టం 18వ సెక్షన్ చూడండి. భార్య పనిచేసే చోట అడుగుపెట్టొద్దని మెజిస్ట్రేట్ భర్తకు ఉత్తర్వు ఇవ్వొచ్చు. పనికి పోనీకపోవడం, కూలి లాక్కోవడం కూడా ఆ చట్టం కింద హింసే. మామూలుగా దరఖాస్తు పెట్టిన మూడు రోజుల్లోపే మొదటి వాయిదా వేయాలి. సెలవు మాత్రం మన చట్టంలో లేదు. 2013 చట్టం పనిచోట లైంగిక వేధింపులకే. ఫిలిప్పీన్స్‌లో 2004 నుంచి, న్యూజిలాండ్‌లో 2019 నుంచి ఇంట్లో హింస పడేవాళ్లకు 10 రోజులు జీతంతో సెలవు ఉంది.

14_మిషన్లు:
ఆ దేశాల్లో ప్యాంటుకు కూలి ఎంతో కనుక్కోండి సార్, నేనూ ఇస్తా.

చిత్రావతి:
మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయమనండి. హింస పడే ఆడోళ్లకు సాయం చేసే సఖి కేంద్రం అనంతపురంలో ఉంది.

కుట్టుమిషన్_అక్క:
చేసినాం. రాయదుర్గం నుంచి పోయి రావాలంటే ఒక దినం పని పాయె. కోర్టుకు ఇంకో దినం. అవీ నాగాలే కదా! కొట్టించుకున్నందుకు నాగా, కొట్టినాడని చెప్పుకోను పోయినందుకు ఇంకో నాగా.

14_మిషన్లు:
మా అక్కా ప్రైవేటు స్కూల్లో చెప్తాండె. మా బావ అనుమానంతో కొట్టేవాడు. మా నాయన పని మాన్పించినాడు. ఇల్లు నిలబడింది. పిల్లోళ్లు పెద్దోళ్లయినారు. నేను చూసింది చెప్తాండా.

చిత్రావతి:
కొట్టడం ఆగిందా అన్నా?

14_మిషన్లు:
తగ్గింది.

కుట్టుమిషన్_అక్క:
తగ్గిందా! బస్సు చార్జీకి ఇప్పుడు ఆమె ఎవరిని అడుగుతుంది? చేతిలో కూలి ఉన్న దినాలే మాకు పుట్టింటికన్నా పోయే ధైర్యం ఉండేది. అదీ తీసేసి ఇల్లు నిలబడిందంటారా?

14_మిషన్లు:
నాకు మనసు లేదనుకోవద్దు. మా యూనిట్లో ఒకామె కోసం నేను చేయగలిగింది చేసినా. శనివారం బట్వాడా ఆమెకియ్యకుండా వాని చేతికే ఇచ్చేవాణ్ణి. డబ్బు అందితే ఆ రాత్రి కొట్టడని.

పెన్న_ఒడ్డు:
ఆమె ఒప్పుకునిందా?

14_మిషన్లు:
అడగలేదు. మొగుడే కదా. ఇంటి డబ్బే కదా.

కుట్టుమిషన్_అక్క:
నాలుగా ఎనిమిదా అని పొద్దుట్నించి కొట్లాడుకుంటిమి. మన తగువు ఇదీ అన్నా. వారమంతా మెడ వంచి కుట్టింది ఆమె. ఆ డబ్బు ఇంటిదని మీరంటారు, ఆమెదని నేనంటా. వాడు గేటు కాడికొచ్చేది దానికే. ఒకసారి చేతికిస్తే వారం వారం వస్తాడు.

14_మిషన్లు:
ఆమె మొహం మీద దెబ్బలు నేను చూసినా. మీరు రాసినంత సులువు కాదు.

కుట్టుమిషన్_అక్క:
నేనూ చూసినా. ఆ అమ్మి ఇప్పుడు ఇంట్లో కూర్చొని ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తాంది. ఆ చిల్లర కూడా వాడే తీసుకుంటాడు. పాత వారం కూలి ఇంకా మా ఆఫీసులోనే ఉండాది. రేపు శనివారం, ఐదింటికి బట్వాడా. ఆమెను నేనే తోడుకొని పోతా. ఆమె చేతికే ఇమ్మని అడుగుతా.

14_మిషన్లు:
పోయి రా అమ్మా. ఒక్కదానివే పోవద్దు, ఇంకో ఇద్దరిని పిల్చుకో.