కుబుసం సగమే వదిలింది: పామును నీళ్లలో నానబెట్టవచ్చా?

కొర్లగుంట కుర్రాడు:
తిరుపతిలో మా ఇంట్లో మూడేళ్ల బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాను. పోయిన వారం కళ్లు నీలంగా మసకబారి, మళ్లీ తేటపడ్డాయి. నిన్న రాత్రి కుబుసం విడిచింది, కానీ ఒక్క తొడుగుగా రాలేదు. ఉల్లిపొరల్లా ముక్కలుగా ఊడింది. తోక కొసన ఉంగరంలా ఒక పట్టీ, ఎడమ కంటి మీద పొర మిగిలాయి. ఒళ్లంతా ముడతలు. మే నెల కదా, పగలంతా గదిలో ఏసీ నడుస్తోంది. నానబెట్టమని ఒకరు, వద్దని ఒకరు చెబుతున్నారు. ఏం చేయాలి?

పీలేరు పెద్దాయన:
నానబెట్టండి. గాలి ఆడే డబ్బాలో గోరువెచ్చని నీళ్లు, పాము ఒళ్లు సగం మునిగేంత మాత్రమే. ఇరవై నిమిషాలు ఉంచి, తడి తువ్వాలు మడతల్లోంచి దాన్ని పాకనివ్వండి. ఆ రాపిడికే ముక్కలు వచ్చేస్తాయి.

చంద్రగిరి:
వద్దు. లోపం పాములో లేదు, గదిలో ఉంది. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. ఇది ఆఫ్రికాలో ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో తలదాచుకునే పాము. పెట్టెలో తేమ 60 శాతం ఉండాలి, కుబుసం వేళ 70 దాటినా మంచిదే. మూత డబ్బాకు కంత కోసి, తడి నాచు నింపి లోపల పెట్టండి.

పీలేరు పెద్దాయన:
అది వచ్చే కుబుసానికి. ఈ రోజు తోకకు బిగిసిన పట్టీ మాటేమిటి? రక్తం ఆడకపోతే కొస నల్లబడి రాలిపోతుంది.

చంద్రగిరి:
ఇరవై నిమిషాల్లో ఏసీ గదిలో నీళ్లు చల్లారవా? పాము తన ఒంటిని తాను వెచ్చబరచుకోలేదు.

పీలేరు పెద్దాయన:
చల్లారితే వేడినీళ్లు కలుపుతాం. పదిహేనేళ్లుగా చేస్తున్న పని ఇది.

చంద్రగిరి:
ఇరవై నిమిషాలు ఎక్కువ. పది చాలు.

తిరుచానూరు తామర:
పాలు పోస్తే కోలుకోదా? నాగుల చవితికి పుట్టలో పోస్తాం కదా.

చంద్రగిరి:
వద్దమ్మా, పాలు దానికి అరగవు. పాములవాళ్లు రోజుల తరబడి దాహంతో ఉంచుతారు కాబట్టే పండగనాడు అది పాలైనా తాగుతుంది.

మదనపల్లె మంచు:
ఏసీ ఆపేస్తే సరి.

కొర్లగుంట కుర్రాడు:
ఆపితే గది 40 డిగ్రీలకు చేరుతుంది. పాము తట్టుకోలేదు. కంటి పొరకు ఏదైనా చెప్పండి.

పీలేరు పెద్దాయన:
టేపు అంటించి మెల్లగా లాగితే వస్తుంది.

చంద్రగిరి:
దయచేసి ఆ మాట రాయకండి. పాముకు రెప్పలుండవు, కంటి మీద ఉన్నది పారదర్శకమైన పొలుసు. 2019లో నేను టేపుతోనే లాగాను. పాత పొరతో పాటు అసలు పొలుసూ చిరిగి వచ్చింది. ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే కుక్కలను, ఆవులనే చూస్తామని తిప్పి పంపారు. కన్ను చీము పట్టి పోయింది. ఆ తర్వాత అది ఎలుకను పట్టబోయి గురి తప్పినప్పుడల్లా నా చేతులే నాకు గుర్తొచ్చేవి. ఈ ఎండల ఊళ్లో, వైద్యం దొరకని చోట ఇలాంటి జీవిని పెంచడమే తప్పు.

పీలేరు పెద్దాయన:
మీ బాధ ఇదైతే మొదటే చెప్పాల్సింది. ఇంతసేపు నిమిషాల దగ్గర వాదించాం. పెంచడం తప్పే అనుకుందాం, ఇప్పుడు ఇంట్లో ఉన్నదాన్ని ఏం చేయాలి? శేషాచలంలో వదలాలా? అక్కడ బతకలేక చావాలి, లేదా అక్కడి జీవులకు రోగాలు అంటించాలి. టేపు మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

చంద్రగిరి:
వదలమని నేను అనలేదు. ఇంకొకటి కొనకండి అంటున్నాను.

పీలేరు పెద్దాయన:
అది నేను ఒప్పుకోను. నేర్చుకుని పెంచేవాళ్లూ ఉన్నారు.

కొర్లగుంట కుర్రాడు:
పదిహేను నిమిషాలు నానబెట్టాను. తోక పట్టీ తడి దారంలా జారి వచ్చింది. కింద చర్మం కాస్త ఎర్రగా ఉంది, నల్లబడలేదు. గిన్నెలో ముక్కు ముంచి చాలాసేపు నీళ్లు తాగింది, గొంతు కింద కదలిక కనిపించింది. పెట్టెను ఏసీ గాలి తగలని మూలకు జరిపి, నాచు డబ్బా పెట్టాను. తేమ మీటరు 68 శాతం చూపిస్తోంది. కంటిని ముట్టుకోలేదు. రేపు పశువైద్య కళాశాలలో అడుగుతాను.

చంద్రగిరి:
ఆ కన్ను ఉబ్బినా, అంచున తడి కనిపించినా రేపటిదాకా ఆగకండి. నేను నాలుగు రోజులు ఆగాను.