ఒకే కంప్యూటర్‌లో మైఎస్‌క్యూఎల్ 5.7, 8.0 రెండూ నడపవచ్చా?

కోవూరు నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది బియ్యం మిల్లు. ధాన్యం కొనుగోళ్లు, రైతుల ఖాతాలు ఉన్న పాత సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్, అంటే లెక్కలను దాచి అడిగినప్పుడు ఇచ్చే ప్రోగ్రామ్, 5.7 వెర్షన్ మీద నడుస్తోంది. దాన్ని తయారుచేసినవారు ఇప్పుడు ఫోనుకు కూడా దొరకడం లేదు. ఈమధ్య మా తమ్ముడు రొయ్యల చెరువుల లెక్కలకు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. దానికి 8.0 ఉండి తీరాలట. ఉన్నది ఒక్కటే విండోస్ కంప్యూటర్. నిన్న 8.0 ఎక్కించి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. చెరువుల లెక్కలు తెరుచుకున్నాయి. మిల్లు సాఫ్ట్‌వేర్ మాత్రం పాస్‌వర్డు సరిగానే కొట్టినా లోపలికి రానివ్వడం లేదు. ఆరేళ్ల ఖాతాలు పోయాయేమోనని రాత్రంతా నిద్ర లేదు. కొత్త సర్వర్‌కు పాత డేటా ఫోల్డరు చూపిస్తే సరిపోతుందని తెలిసినవారొకరు అన్నారు. అలా చేయమంటారా?

ఒంగోలు నుంచి జవాబు

ఆ పని మాత్రం చేయకండి. 5.7 డేటా ఫోల్డరును ఇప్పటి 8.0కు చూపిస్తే, అది మిమ్మల్ని అడగకుండానే ఆ ఫైళ్లను తన పద్ధతికి మార్చుకుంటుంది. తర్వాత 5.7 వాటిని చదవలేదు. ముందే తీసిన బ్యాకప్ ఉంటే తప్ప వెనక్కి రాలేరు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ లెక్కల విషయంలో నేనే ఈ తప్పు చేశాను. పది రోజుల నాటి బ్యాకప్ ఉండబట్టి బయటపడ్డాను. ఆ పది రోజుల లారీ బిల్లులన్నీ కూర్చుని చేత్తో ఎక్కించాను.

మీ ఖాతాలు ఎక్కడికీ పోలేదు. రెండు సర్వర్లూ 3306 పోర్టునే, అంటే సాఫ్ట్‌వేర్లు వచ్చి కలిసే ఒకే నంబరు తలుపునే, కోరుకుంటాయి. కంప్యూటర్ వేసినప్పుడు ఏది ముందు లేస్తే పోర్టు దానిదే, రెండోది ఆగిపోతుంది. నిన్న 8.0 ముందు లేచినట్లుంది. మిల్లు సాఫ్ట్‌వేర్ ఎప్పటిలాగే అదే తలుపు తట్టింది, తీసింది మాత్రం కొత్తవారు. పైగా 8.0లో పాస్‌వర్డు సరిచూసే పద్ధతే మారింది. పాత సాఫ్ట్‌వేర్లకు అది తెలియదు.

పాతదాన్ని కదిలించకుండా కొత్తదాన్ని జరపండి. ముందు విండోస్ సర్వీసుల జాబితాలో 8.0ను ఆపి, 5.7ను మొదలుపెట్టండి. మిల్లు ఖాతాలు కనిపించగానే బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. బ్యాకప్‌కు 5.7తో వచ్చిన డంప్ ప్రోగ్రామ్‌నే వాడండి. 8.0తో వచ్చినది పాత సర్వర్‌లో లేని పట్టిక కోసం వెతికి మొరాయిస్తుంది. ఆ తర్వాత 8.0 సెట్టింగుల ఫైలు, అంటే మై.ఐఎన్‌ఐ తెరవండి. అది ప్రోగ్రామ్‌డేటా అనే దాగి ఉండే ఫోల్డరులో ఉంటుంది. అందులో పోర్టు 3306 అని ఉన్న ప్రతిచోటా 3307 అని మార్చి సర్వీసు మొదలుపెట్టండి. చెరువుల సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లోనూ 3307 ఇవ్వండి. మామూలుగా ఇన్‌స్టాల్ చేసి ఉంటే సర్వీసు పేరు, డేటా ఫోల్డరు రెండింటికీ వేర్వేరుగానే ఉంటాయి.

పాత మై.ఐఎన్‌ఐని కాపీ చేసి కొత్తదానికి పెట్టకండి. అందులో క్వెరీ క్యాష్ (అడిగిన ప్రశ్నల జవాబులను గుర్తుంచుకునే సదుపాయం) వరుసలు ఉంటే 8.0 అసలు లేవదు. ఆ సదుపాయాన్నే 8.0లో తీసేశారు.

కావలి నుంచి

5.7కు 2023 అక్టోబరుతోనే మద్దతు ముగిసింది. భద్రతా సవరణలు రాని సర్వర్‌ను ఇంకా ఎందుకు మోయడం? రెండింటినీ 8.0కే మార్చేయడం మేలు.

ఒంగోలు నుంచి

మాట నిజమే. ఆ లెక్కన 8.0 గడువు కూడా 2026 ఏప్రిల్ వరకే. కానీ తయారుచేసినవారు లేని సాఫ్ట్‌వేర్‌ను ధాన్యం వచ్చే రోజుల్లో కదపమని నేను చెప్పలేను. ఆ ఒక్క కంప్యూటరే వాడుతుంటే, 5.7ను 127.0.0.1 చిరునామాకే, అంటే ఆ కంప్యూటర్‌కు మాత్రమే, కట్టేయండి. బయటివారెవరూ తాకలేరు.

కోవూరు నుంచి

కాటా గదిలోని కంప్యూటర్ కూడా దీనికే కలుస్తుందండీ.

ఒంగోలు నుంచి

అయితే అలా కట్టేస్తే కాటా ఆగిపోతుంది. విండోస్ ఫైర్‌వాల్‌లో 3306కు కాటా కంప్యూటర్ చిరునామా ఒక్కదానికే అనుమతి ఇవ్వండి.

ఆత్మకూరు నుంచి

లినక్స్ వాడేవారికి ఒక మాట. అక్కడ 3307 అని పోర్టు ఇచ్చినా, సర్వర్ పేరు లోకల్‌హోస్ట్ అని రాస్తే క్లయింట్ (సర్వర్‌ను కలిసే ప్రోగ్రామ్) పోర్టును పట్టించుకోకుండా సాకెట్ ఫైలు (అదే కంప్యూటర్ లోపలి దారి) గుండా పాత సర్వర్‌కే వెళ్లవచ్చు. 127.0.0.1 అని రాయాలి. నాకు ఇది అంతుపట్టడానికి ఒక ఆదివారం పట్టింది.

కోవూరు నుంచి

రెండూ నడుస్తున్నాయి! ఖాతాలన్నీ ఉన్నాయి. కావలివారి మాట మీద మిల్లు బ్యాకప్‌ను 8.0లోకి ఎక్కించి చూశాను, అసలుది అలాగే ఉంచి. అంకెలు సరిపోయాయి. ఊళ్లవారీ కొనుగోలు జాబితా మాత్రం అక్షరక్రమంలో రావడం లేదు. ఏదైనా పాడయిందా?

ఒంగోలు నుంచి

ఏమీ పాడవలేదు. ఊళ్లవారీగా గుంపులు కట్టే గ్రూప్ బై ఆదేశం రాస్తే 5.7 తనంతట తానే వరుసలో పెట్టేది, 8.0 పెట్టదు. ఆ రిపోర్టులో వరుసలో పెట్టమనే ఆర్డర్ బై చేర్చాలి. రిపోర్టు కోడ్ మీ చేతిలో లేకపోతే మిల్లును 5.7 మీదే ఉండనివ్వండి, వారానికొకసారి బ్యాకప్ తీస్తూ.