డార్విన్ మీద వచ్చిన పాత బీబీసీ సీరియల్ ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. చార్లెస్ డార్విన్ జీవితం మీద 1978లో బీబీసీ ఏడు భాగాల సీరియల్ ఒకటి తీసింది, ‘ద వాయేజ్ ఆఫ్ చార్లెస్ డార్విన్’ అని. డార్విన్‌గా మాల్కం స్టాడర్డ్ వేశాడు. నా దగ్గరున్నది ఎవరో టీవీలోంచి రికార్డు చేసుకున్న కాపీ. బొమ్మ అలలు అలలుగా ఊగుతుంది (అసలే ఓడ కథ!), మూడో భాగం మధ్యలోనే ఆగిపోతుంది. డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడ 1831లో బయల్దేరి గాలాపగోస్ దీవులు చేరింది 1835లో కదా, నాకు కావాల్సింది సరిగ్గా ఆ భాగమే.

మా అమ్మాయి బయాలజీ చదువుతోంది. దానికి డార్విన్ అంటే తెల్లగడ్డం తాతే. ఓడలో కడుపులో తిప్పి నీరసంగా పడుకున్న 22 ఏళ్ల కుర్రాణ్ణి చూపించాలని నా తాపత్రయం. సబ్‌టైటిల్స్ ఉన్న డీవీడీ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే కాస్త చెప్పండి. పైరసీ లింకులు మాత్రం వద్దండి.