మండల కేంద్రంలో డిగ్రీ లేని పళ్ళ డాక్టరు: మూయించే అధికారం నిజంగా ఎవరిది?

ప్రశ్న (మానేరు తీరం):

మా అమ్మగారికి అరవై రెండేళ్ళు. కింది వరుసలో ముందు పన్ను ఒకటి ముందే ఊడిపోయింది, పక్కది కదులుతోంది. మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా 'దంత వైద్యశాల' అని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి నేను ఊళ్ళో లేనప్పుడు వెళ్ళింది. ఆయన చిగురుకు సూది వేసి కదిలే పన్ను పీకి, గంటలోపే రెండు పళ్ళు బిగించి నాలుగున్నర వేలు తీసుకున్నాడు. మూడు నెలలకే చిగురు వాచి చీము పట్టింది. కరీంనగర్‌లో దంతవైద్యుడికి చూపిస్తే, ఆ రెండు పళ్ళను అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళకు తీగ చుట్టి గులాబీ రంగు ప్లాస్టిక్ పోసి అతికించారని, ఇప్పుడు ఆ మంచి పళ్ళు కూడా కదులుతున్నాయని చెప్పారు.

పోలీస్ స్టేషన్‌కు వెళితే ఇది తమ పరిధిలోది కాదన్నారు. వైద్య ఆరోగ్య శాఖకు అర్జీ పెడితే వచ్చి దుకాణం మూయించారు గానీ, పదిహేను రోజులకు అదే గదిలో 'డెంటల్ ల్యాబ్' అన్న కొత్త బోర్డుతో మళ్ళీ తెరిచాడు. అడిగితే తన తండ్రికి రిజిస్ట్రేషన్ ఉండేదని చెబుతున్నాడు. ఇలాంటి వారి మీద చర్య తీసుకునే అధికారం ఎవరికి ఉంది? నేను ఎవరికి, ఏమని రాయాలి?

సమాధానం (దంతవైద్యురాలు, వరంగల్):

అమ్మగారికి జరిగినటువంటిది నేను నెలలో ఒకటి రెండు సార్లయినా చూస్తుంటాను. పొడినీ ద్రవాన్నీ అక్కడికక్కడే కలిపి, ముద్ద గట్టిపడేలోపే పళ్ళ సందుల్లోకి నొక్కుతారు. అది వేడెక్కి చిగురును కాలుస్తుంది, గట్టిపడ్డాక దాని కిందికి బ్రష్షు వెళ్ళదు, నీళ్ళు కూడా సరిగ్గా వెళ్ళవు. అన్నం మెతుకులు అక్కడే కుళ్ళి, ఎముక కరిగి, పక్క పళ్ళు వదులవుతాయి. సరిగ్గా చేసే బ్రిడ్జికి (పక్క పళ్ళ ఆధారంతో బిగించే కట్టుడు పళ్ళకు) నాలుగైదు సార్లు రావాలి, ఖర్చు ఎక్కువ. ఒక్క పూటలో పని అయిపోతుందన్న ఆశ జనాన్ని అటు తీసుకెళ్తోంది. వాళ్ళను తప్పు పట్టలేను.

తండ్రి రిజిస్ట్రేషన్ సంగతికి వస్తే, 1948 నాటి దంతవైద్యుల చట్టం వచ్చినప్పుడు, డిగ్రీ లేకపోయినా అప్పటికే ఐదేళ్ళుగా అదే వృత్తిగా బతుకుతున్న వారికి రిజిస్టరులో 'బి' భాగం కింద చోటిచ్చారు. వాళ్ళ తండ్రిగారికి అలా వచ్చి ఉండవచ్చు. అది ఆ ఒక్క మనిషికి ఇచ్చినదే తప్ప కొడుక్కు వారసత్వంగా రాదు.

ఒక మాట తప్పక వినండి. తీసేసిన ప్లాస్టిక్ ముక్కను పారేయకండి. కరీంనగర్ డాక్టరు గారిని తేదీ వేసి, ఏయే పన్ను ఎంత కదులుతోందో రాసి, ఎక్స్‌రేతో సహా ఇవ్వమని అడగండి.

సమాధానం (న్యాయవాది):

పోలీసులు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. దంతవైద్యుల చట్టం 49వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని వ్యక్తి డబ్బు తీసుకుని దంతవైద్యం చేయడం నేరం. అయితే ఆ చట్టం కింద నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వం లేదా దంతవైద్యుల పేర్లు నమోదు చేసే రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ ఆదేశం మీద ఫిర్యాదు దాఖలు కావాలి. అందువల్ల మీ మొదటి అర్జీ కౌన్సిల్ రిజిస్ట్రారుకు వెళ్ళాలి. అయితే ఆ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు, మళ్ళీ చేస్తే ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా లేదా రెండూ. 1948 నాటి ఆ అంకె ఈనాడు ఎవరినీ భయపెట్టదు. ఆ చట్టం స్థానంలోకి జాతీయ దంత కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది.

మీ ప్రశ్నలో నన్ను ఆపింది 'సూది వేసి' అన్న మాట. అత్యవసరమై, రిజిస్టర్ అయిన దంతవైద్యుడు అందుబాటులో లేనప్పుడు ఎవరైనా పన్ను తీయవచ్చని 49వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది, కాని మత్తుమందు ఏదీ ఇవ్వకుండా తీస్తేనే. సూది వేశాడు కాబట్టి ఆ తలుపు ఆయనకు మూసుకుపోయింది. రెండో తలుపు మీకు తెరుచుకుంది: మత్తు ఇంజెక్షన్లు లైసెన్సు లేకుండా అమ్మకానికి నిల్వ పెట్టుకోవడం ఔషధ చట్టం కిందికి వస్తుంది, దానికి ఐదేళ్ళ దాకా జైలు ఉంది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం అర్హత లేని వైద్యుల మీద ఈ దారిలోనే దాడులు చేస్తోంది. జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు విడిగా రాయండి.

పోలీసుల దగ్గరికి మళ్ళీ వెళ్ళేటప్పుడు దంతవైద్యుల చట్టం పేరెత్తకండి. డాక్టరునని నమ్మించి డబ్బు తీసుకున్నందుకు భారతీయ న్యాయ సంహిత 318, నిర్లక్ష్యంతో దేహానికి హాని చేసినందుకు 125 సెక్షన్ల కింద అర్జీ రాయండి. తనకు చదువు లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం కావాలంటే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు.

సమాధానం (విశ్రాంత ఉద్యోగి, వైద్య ఆరోగ్య శాఖ):

మూసిన దుకాణం ఎందుకు తెరుచుకుందో చెబుతాను. చాలాసార్లు మా వాళ్ళు తాళం వేసేది క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ లేదన్న కారణంతోనే. తెలంగాణ అనుసరిస్తున్న క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టంలో దానికి మొదటిసారి 50 వేల దాకా, రెండోసారి 2 లక్షల దాకా జరిమానా ఉంది. బోర్డు మార్చి 'ఇది క్లినిక్ కాదు, ల్యాబ్' అంటే కొత్త కేసులాగా మళ్ళీ మొదటి నుంచి నడపాల్సి వస్తుంది. అందుకే మీరు మొదటి తనిఖీ నాటి పంచనామా నకలు సమాచార హక్కు కింద తెప్పించుకుని, రెండో అర్జీకి జతచేయండి. అదే గది, అదే మనిషి అని కాగితం మీద ఉంటే అది రెండోసారి అవుతుంది. నకలు ఒకటి కలెక్టరుకు కూడా పంపండి, జిల్లా రిజిస్ట్రేషన్ అథారిటీకి అధ్యక్షులు వారే. ల్యాబ్ వాళ్ళు డాక్టరు పంపిన అచ్చు మీద పళ్ళు తయారు చేయవచ్చు. రోగి నోరు తెరిపించి బిగించారంటే అది దంతవైద్యమే.

మానేరు తీరం:

మీ ముగ్గురికీ నమస్కారాలు. ఆ రోజు ఆయన రసీదు ఇవ్వలేదు, కాని అమ్మ నా తమ్ముడి చేత ఫోన్‌పేలో డబ్బు పంపించింది, తేదీ సమయంతో సహా ఉంది. ప్లాస్టిక్ ముక్క పోయిందనుకున్నాను. అడిగితే అమ్మ మందుల డబ్బాలోంచి తీసి చూపించింది, తీగ దానికింకా అంటుకునే ఉంది. కౌన్సిల్‌కూ, డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకూ రేపు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. పంచనామా చేతికందగానే ఇక్కడ రాస్తాను.